పాలీహౌస్‌లో పచ్చిరొట్ట వేస్తే మట్టిలో ఏం జరుగుతుంది? బెంగళూరు చుట్టుపక్కల తెలుగు రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది మదనపల్లె దగ్గర. మాలూరు వైపు 10 గుంటల (పావు ఎకరం) పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్డులో, క్యాప్సికం పండిస్తాను. హోస్కోటె, దేవనహళ్ళి, చిక్కబళ్ళాపుర చుట్టూ పాలీహౌస్‌లు నడిపేవాళ్ళలో మనవాళ్ళు చాలామందే ఉన్నారు. పచ్చిరొట్ట అంటే పైరు పెంచి పచ్చిగా ఉండగానే మట్టిలో కలిపేయడం. డ్రిప్ షాపు ముందు కలిసినా, ఫోన్ చేసినా దాని గురించి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను.

మా నాన్న వరి మడిలో జీలుగ వేసి దమ్ములో తొక్కేసేవాడు. పాలీహౌస్‌లో కూడా అంతేనా?

పైరు అదే కావచ్చు, పద్ధతి మాత్రం వేరు. వరి మడిలో నీళ్ళు నిలబడి ఉంటాయి. రొట్ట గాలి తగలకుండా కుళ్ళుతుంది, ఆ కుళ్ళును వరి తట్టుకుంటుంది. క్యాప్సికం, టమాటా, జెర్బెరా వేర్లకు ఆ ఓపిక లేదు.

ఇంకో తేడా పైకప్పు. వాన పడదు కాబట్టి వేసిన ఎరువుల ఉప్పంతా బెడ్ల మీదే మిగిలిపోతుంది. డ్రిప్ కింద ఒక చార మాత్రమే తడుస్తుంది, పక్కన మట్టి పిండిలా ఉంటుంది. ఎండిన మట్టిలో సూక్ష్మజీవులు పనిచేయవు, నిద్రపోతాయి. ఇక వేడి. బయట బెంగళూరు వాతావరణం ఎంత చల్లగా ఉన్నా ఏప్రిల్ మధ్యాహ్నం లోపల నిలబడలేం. సుమారుగా చెప్పాలంటే 10 డిగ్రీలు పెరిగితే కుళ్ళే వేగం రెట్టింపు అవుతుంది. అంటే మనం వేసిన సేంద్రియ పదార్థం పొలంలో కంటే ఇక్కడ తొందరగా ఖర్చయిపోతుంది. అన్నిటికీ మించి, ఏడాది తర్వాత ఏడాది అదే పంట వేయడం. అదే వేరు, అదే తిండి దొరికితే ఆ పంట మీద బతికే శిలీంద్రాలు, మట్టిలోని నులిపురుగులు (నెమటోడ్లు) సంతానం పెంచుకుంటూ పోతాయి. పచ్చిరొట్ట విలువ ఇక్కడే ఉంది. ఒక రెండు నెలలు మట్టికి వేరే వేరు, వేరే తిండి పెడుతున్నాం.

దీనివల్ల యూరియా ఎంత మిగులుతుంది?

నిజం చెప్తే నిరుత్సాహపడతారు. 10 గుంటల్లో 45 రోజులకు ఒకటిన్నర నుంచి 2 టన్నుల పచ్చిరొట్ట రావచ్చు. టన్నుకు ఇంచుమించు 4 నుంచి 5 కిలోల నత్రజని వేసుకోండి. మొత్తం 6 నుంచి 10 కిలోలు. యూరియాలో చెప్పాలంటే 13 నుంచి 22 కిలోలు, 45 కిలోల బస్తాలో సగం కూడా నిండదు.

అర బస్తా యూరియా కోసం ఎవరూ రెండు నెలలు పాలీహౌస్ ఖాళీ పెట్టరు. నత్రజని లెక్కతో పచ్చిరొట్ట మొదలుపెట్టినవాళ్ళు ఒక్కసారి వేసి మానేస్తారు, అలా మానేసినవాళ్ళను చూశాను. మనం రొట్ట పెట్టేది పంటకు కాదు, మట్టిలో ఉన్నవాటికి. అవి తిని, పెరిగి, చచ్చి, ఒకదాన్నొకటి మింగాక మిగిలింది పంటకు చేరుతుంది.

కలియదున్నాక మట్టిలో వరుసగా ఏం జరుగుతుంది?

ఒక గ్రాము మంచి మట్టిలో బాక్టీరియా కోట్లలో ఉంటాయి, కొన్నిచోట్ల వంద కోట్లకు చేరతాయి. వాటిలో చాలా భాగం ఆకలితో పడుకుని ఉంటాయి. పచ్చి ఆకు మట్టిలో పడగానే ముందు లేచేవి చక్కెరలు, మాంసకృత్తులు తినే బాక్టీరియా. మొదటి వారం పెళ్ళి పందిట్లో మొదటి బంతి లాంటిది, తోసుకుంటూ తింటాయి. ఆ రోజుల్లో మట్టి నుంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా వస్తుంది. లోపల ప్రాణవాయువు అంతే వేగంగా తగ్గుతుంది. బెడ్ తడిసి ముద్దై ఉంటే ఈ దశలోనే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది.

తర్వాత వచ్చేవి కాడల్లోని పీచును తినగల శిలీంద్రాలు. ఇవి నెమ్మది. వీటి దారాలే మట్టి రేణువులను కలిపి గుళికలుగా చేస్తాయి. ఎర్రమట్టి బెడ్ మెత్తబడింది, నీళ్ళు త్వరగా ఇంకుతున్నాయి అంటామే, అందులో వీటి పాలు పెద్దది. ఆఖరున గట్టి చెక్క భాగాన్ని కొరుకుతూ కొన్ని శిలీంద్రాలు, ఆక్టినోమైసిట్లు అనే దారాల్లాంటి బాక్టీరియా మిగులుతాయి. తొలకరి వానకు వచ్చే మట్టి వాసన ఆక్టినోమైసిట్ల నుంచే వస్తుంది.

ఇంకో గుంపును మనం లెక్కలోకి తీసుకోం. బాక్టీరియాను మేసే ఏకకణ జీవులు, పంటకు హాని చేయని మంచి నులిపురుగులు. బాక్టీరియా ఒంట్లో ఉన్న నత్రజని వీటి అవసరానికి మించి ఉంటుంది. మిగులును అమ్మోనియం రూపంలో బయటికి వదులుతాయి. దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియాకు గాలి తప్పనిసరి. మేసేవాళ్ళు లేని మట్టిలో రొట్ట కుళ్ళినా నత్రజనిలో కొంత బాక్టీరియా కడుపులోనే ఇరుక్కుపోతుంది.

ఒక చిన్న లెక్క కూడా తెలిసి ఉండాలి. రొట్టలో ఒక పాలు నత్రజనికి 24 పాళ్ళ వరకు కర్బనం ఉంటే సూక్ష్మజీవులకు సరిపోతుంది. అంతకు తక్కువైతే మిగిలిన నత్రజని పంటకు వస్తుంది. ఎక్కువైతే మట్టిలో ఉన్నదాన్ని కూడా అవి లాగేసుకుంటాయి. పచ్చిరొట్టకు వేసే జనుము లేతగా ఉంటే ఈ పాళ్ళు 20 లోపే ఉంటాయి. వరిగడ్డిలో 80 దాకా, రంపపు పొట్టులో వందల్లో. మన బెడ్లలో ఎర్రమట్టితో పాటు వరి ఊక కలపడం మామూలే కదా, ఊకలో కూడా కర్బనమే ఎక్కువ. కొత్త బెడ్లలో ఊక ఎక్కువ పోసినవాళ్ళకు మొదటి పంట పసుపుబారడానికి ఇదొక కారణం. అక్కడ లేత పచ్చిరొట్ట బాగా పనికొస్తుంది.

నారు రెడీగా ఉంది. కలియదున్నిన ఎన్ని రోజులకు నాటొచ్చు?

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. నేనూ పోయాను. ఒక ఏడాది నారు అనుకున్నదానికంటే ముందే వచ్చేసింది. ట్రేలు ఎండలో పెడితే పాడవుతాయన్న టెన్షన్‌తో దున్నిన 8వ రోజే నాటించాను. మరో 10 రోజులకు మొక్క మొదలు దగ్గర గోధుమ రంగు మచ్చ, పట్టుకుంటే పడిపోవడం. మూడో వంతు పోయింది. నారు అమ్మినాయనతో పెద్ద గొడవ పెట్టుకున్నాను. పాపం, తప్పు ఆయనది కాదు.

కారణం ఏమిటంటే, పచ్చి రొట్టను ఇష్టపడేవి మంచి సూక్ష్మజీవులు మాత్రమే కాదు. పిథియం, రైజోక్టోనియా లాంటి నారుకుళ్ళు శిలీంద్రాలకు కూడా అది విందే. మొదటి బంతిలో ఇవీ కూర్చుంటాయి. రెండు మూడు వారాలకు తేలిక తిండి అయిపోయి, పోటీ పెరిగి, ఇవి వెనక్కి తగ్గుతాయి. స్క్లెరోషియం అనే శిలీంద్రం మరీ ప్రమాదం. మొక్క మొదట్లో తెల్ల దారాలు, ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలు కనిపిస్తే అదే. సగం కుళ్ళిన రొట్ట దానికి నిచ్చెన లాంటిది. వీటికి తోడు కుళ్ళేటప్పుడు పుట్టే సేంద్రియ ఆమ్లాలు, అమ్మోనియా లేత వేర్లను కాలుస్తాయి. మూసిన పాలీహౌస్‌లో ఆ అమ్మోనియా ఎటూ పోదు కాబట్టి ఆ రోజుల్లో పక్క కర్టెన్లు ఎత్తి ఉంచాలి.

లేత రొట్టను చిన్న ముక్కలు చేసి కలిపి, తడి సరిగ్గా ఉంచితే 3 వారాలు. వేసవి వేడిలో తొందరగా అయిపోయినా 15 రోజులకు ముందు నాటవద్దు. కాడ ముదిరి ఉంటే 4 వారాలు. తడి ఎంత అంటే, పిడికెడు మట్టి నొక్కితే ముద్ద కావాలి కానీ వేళ్ళ మధ్య నీరు కారకూడదు. డ్రిప్‌తో మొత్తం బెడ్ తడవదు. పైపు పట్టి తడపండి, లేదా ఫాగర్లు, రెయిన్ పైపు వాడండి.

రోజుల లెక్క మీద నమ్మకం లేకపోతే గింజల పరీక్ష చేయండి. బెడ్ లోపలి మట్టి ఒక గాజు సీసాలో సగం నింపి, పైన తడి దూదిలో ఆవాలు చల్లి మూత పెట్టండి. ఇంకో సీసాలో మంచి మట్టితో అలాగే. మూడు నాలుగు రోజులకు రెండూ ఒకేలా మొలిస్తే గాలిలో విషం లేనట్టే. మొదటి సీసాలో మొలక ఆగిపోయినా, వేరు చివర నల్లబడినా ఇంకో వారం ఆగండి.

ఏ పైరు మంచిది? ఇక్కడి షాపుల్లో జనుము అంటే అర్థం కావడం లేదు.

కన్నడంలో జనుమును సెణబు అంటారు, జీలుగను డయాంచ అని అడగండి. ఉలవలకు హురళి. విత్తనాల గురించి ముందు రైత సంపర్క కేంద్రంలో విచారించండి, మన వైపు రైతు సేవా కేంద్రాల్లో అడిగినట్టే.

నా ఓటు జనుముకే. ఎర్రమట్టిలో త్వరగా ఎదుగుతుంది, వేరుబుడిపె నులిపురుగు దీని మీద పెరగలేదు, వేర్లతో కలిసి బతుకుతూ వాటికి పోషకాలు అందించే మైకోరైజా శిలీంద్రం దీని మీద చక్కగా బతుకుతుంది. ఎకరాకు 12 నుంచి 15 కిలోలు చల్లుతారు. 10 గుంటలకు 4 కిలోలు చాలు. ఒక్క జాగ్రత్త, 45 రోజులు దాటనివ్వకండి. తర్వాత నార కడుతుంది. జనుము నారతో తాళ్ళు పేనుతారన్న సంగతి మర్చిపోయి నేను ఒకసారి రెండు నెలలు ఉంచాను. పవర్ వీడర్ బ్లేడ్లకు చుట్టుకుని, కత్తితో కోసుకుంటూ కూర్చున్నాం. ఇంకొకటి, పగలు కురచగా ఉండే రోజుల్లో ఇది తొందరగా పూతకొస్తుంది. దసరా తర్వాత వేస్తే రొట్ట తక్కువ.

అలసంద సులువుగా దొరుకుతుంది, నేలను కప్పుతుంది. కానీ వేరుబుడిపె నులిపురుగుకు చాలా అలసంద రకాలు ఇల్లు లాంటివి. బెడ్లో నులిపురుగు ఉందని తెలిస్తే వేయవద్దు. జీలుగ తడి ఎక్కువున్న బరువు నేలలకు బాగుంటుంది, ఎత్తు బెడ్లకు నేను వాడను.

ఆవ మొక్కది వేరే కథ. దాన్ని నలిపి మట్టిలో కలిపితే ఘాటైన ఆవిరి పుట్టి కొన్ని శిలీంద్రాలను, నులిపురుగులను అణుస్తుంది. పువ్వు మొదలయ్యేటప్పుడు సన్నగా నరికి, వెంటనే కలిపి, తడిపి, మూయాలి. ఆలస్యమైతే ఆవిరి గాల్లో పోతుంది. అయితే ఆ ఘాటుకు మంచీ చెడూ తేడా తెలియదు. పైగా ఆవ జాతి వేర్ల మీద మైకోరైజా బతకదు. జబ్బు ఉన్న బెడ్‌కు మందులా ఒకసారి వేయవచ్చు, ప్రతి ఏటా అన్నం పెట్టినట్టు కాదు.

పైరు పచ్చగా ఉంది కానీ వేర్లకు బుడిపెలు లేవు. వృథా అయిందా?

కాలేదు. ఆ బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా సాయంతోనే పప్పుజాతి మొక్క గాలి నుంచి నత్రజని తీసుకుంటుంది. గత పంటకు ఫర్టిగేషన్‌లో (డ్రిప్ నీళ్ళతో కలిపి) ఇచ్చిన నైట్రేట్ మట్టిలో మిగిలి ఉంటే మొక్క ఆ కష్టం పడదు, ఉన్నది తింటుంది. పాలీహౌస్‌లో ఇది మామూలే. ఉప్పుగా పేరుకున్న నత్రజని రొట్టగా మారింది, అదీ లాభమే. కొత్త నేలైతే విత్తనానికి అలసంద జాతి రైజోబియం పట్టించండి, జనుముకూ అదే సరిపోతుంది.

బుడిపెలు ఉన్నాయని సంతోషించే ముందు ఒకటి చూసుకోండి. రైజోబియం బుడిపె వేరుకు పక్కన అతికించినట్టు ఉంటుంది, గోటితో గీకితే ఊడొస్తుంది, చిదిపితే లోపల గులాబీ రంగు. నులిపురుగు బుడిపె అయితే వేరు తానే ఉబ్బినట్టు ఉంటుంది, ఊడదు. అలసంద వేర్లు చూసి "ఎంత బాగా పట్టిందో" అని ఫొటో పంపినాయన ఒకరున్నారు. అది రెండో రకం.

ఎండు తెగులు, నులిపురుగు పూర్తిగా పోతాయా?

పోవు. జనుము వేస్తే నులిపురుగుకు ఒక తరం తిండి దొరకదు, సంఖ్య తగ్గుతుంది. గుడ్లు మిగులుతాయి, క్యాప్సికం నాటగానే మళ్ళీ మొదలు. రెండు పంటల మధ్య ప్రతిసారీ వేస్తూ, వేపపిండి, బంతిపూల మొక్కలు కలుపుకుంటే అదుపులో ఉంటుంది.

బాక్టీరియా ఎండు తెగులు మీద నాకు ఆశ లేదు. వాడిన మొక్క కాండం కోసి గ్లాసు నీళ్ళలో వేలాడదీయండి. పాలలాంటి దారం దిగితే అదే. ఆ బెడ్‌లో మొక్కజొన్న లాంటి వేరే జాతి పంట, లేదా అంటుకట్టిన నారు ఆలోచించాలి.

జబ్బు ముదిరిన బెడ్లకు ఇంకో దారి ఉంది. జపాన్‌లో, నెదర్లాండ్స్‌లో విడివిడిగా అభివృద్ధి చేసిన పద్ధతి. తాజా రొట్టను కలిపి, మట్టి పూర్తిగా నానేలా నీళ్ళు పెట్టి, గాలి చొరకుండా పాలిథిన్ షీటు కప్పి మూడు నాలుగు వారాలు ఉంచుతారు. మనం పైన వద్దన్న కుళ్ళునే ఇక్కడ కావాలని చేస్తాం. ప్రాణవాయువు లేక, ఆమ్లాలకు, చాలా రోగకారకాలు చస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో పారదర్శక షీటు వాడితే ఎండ వేడి కూడా తోడవుతుంది. తీశాక రెండు వారాలు ఆరబెట్టి, మాగిన పశువుల ఎరువుతో మంచి సూక్ష్మజీవులను మళ్ళీ పిలవాలి.

మట్టిలో రోగకారకాలు చావాలని ఫార్మలిన్ మందు పోశాను. దాని మీద పచ్చిరొట్ట వేయవచ్చా?

వాసన పూర్తిగా పోయాక వేయండి. ఫార్మలిన్ తర్వాత మట్టి ఖాళీ ఇల్లు. ముందొచ్చినవాడిదే రాజ్యం, ఆ ముందొచ్చేవాడు తరచుగా రోగకారకమే. నైట్రేట్ తయారుచేసే బాక్టీరియా మాత్రం చాలా ఆలస్యంగా తిరిగొస్తాయి, అందుకే ఆ మధ్య అమ్మోనియం పేరుకుంటుంది. పచ్చిరొట్ట, మాగిన ఎరువు కలిపి వేస్తే ఇల్లు త్వరగా నిండుతుంది. కానీ ఒక ఏడాది సూక్ష్మజీవులకు అన్నం పెట్టి, మరుసటి ఏడాది ఫార్మలిన్ పోస్తూ పోతే రెండు ఖర్చులూ దండగ. ఏదో ఒక దారి పట్టండి.

బెడ్ల మీద తెల్లటి ఉప్పు పొర ఉంది. బోరు నీళ్ళు కూడా గట్టివే.

ముందు మట్టి ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) చూపించండి. ఉప్పు ఎక్కువైతే రైజోబియం బలహీనపడుతుంది, జనుము మొలకే సరిగా రాదు. వీలైతే వాననీటితో, పాలీహౌస్ కప్పు మీద పడే నీటిని గుంటలో పట్టినదానితో బెడ్లు కడిగి తర్వాత విత్తండి. ఉప్పులో నైట్రేట్ ఎక్కువైతే జొన్న గాని మొక్కజొన్న గాని దట్టంగా వేసి, 40 రోజులకు కోసి బయటికి తీసేయండి. అక్కడ కలియదున్నితే తీసింది మళ్ళీ లోపల పెట్టినట్టే.

పచ్చిరొట్ట వల్ల తామర పురుగులు, నల్లి పెరగవా?

పెరగవచ్చు. పాత పంట తీసిన రోజే విత్తితే అవి ఆకు మారి బతుకుతాయి. పెసర, అలసంద తామర పురుగు మోసే వైరస్‌ను కూడా దాచగలవు. వారం, పది రోజులు మొక్క లేకుండా మూసి ఉంచి, కలుపు కూడా తీసేసి, ఆ తర్వాత విత్తండి.

రెండు నెలలు ఖాళీ పెడితే బ్యాంకు వాయిదా ఎవరు కడతారు?

న్యాయమైన ప్రశ్న. నేను మొత్తం ఒకేసారి ఖాళీ చేయను, సగం బెడ్లు ఈ ఏడాది, సగం వచ్చే ఏడాది. వేసవిలో పంట తీసి జులైలో నాటేవాళ్ళకు ఎలాగూ కొంత ఖాళీ ఉంటుంది, అందులో 45 రోజులు జనుముకు, 20 రోజులు కుళ్ళడానికి సరిపోతాయి.

అదీ కుదరకపోతే బయటి ఆకు తెచ్చి వేయండి. గట్ల మీద గ్లిరిసిడియా, కానుగ ఉంటాయి, కానుగను ఇక్కడ హొంగె అంటారు. తిండి అందుతుంది. కానీ బతికున్న వేరు లేని లోటు ఉండిపోతుంది. వేరు రోజూ చక్కెరలు వదులుతుంది, దాని చుట్టూ చేరే సూక్ష్మజీవులు మరో రకం. మైకోరైజాకైతే బతికున్న వేరు లేకపోతే బతుకే లేదు. నీళ్ళు పెట్టకుండా ఎండబెట్టి తాళం వేసిన షెడ్డులో మొదట తగ్గేది అదే.

కోకోపిట్ (కొబ్బరి పొట్టు) నింపిన గ్రో బ్యాగుల్లో పచ్చిరొట్ట పనికొస్తుందా?

పనికిరాదు. అక్కడ మట్టి లేదు.

ట్రైకోడెర్మా అనే మంచి శిలీంద్రం, అర్క మైక్రోబియల్ కన్సార్షియం అనే సూక్ష్మజీవుల మిశ్రమం లాంటివి ఎప్పుడు వేయాలి?

రొట్ట కలిపిన రోజే ట్రైకోడెర్మా వేస్తే కుళ్ళడానికి, నారుకుళ్ళును అణచడానికి సాయపడుతుంది. 2 కిలోలను 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తడి చల్లి, నీడలో వారం, పది రోజులు గోనె కప్పి పెంచుకుని వేయండి. హెసరఘట్టలోని ఐఐహెచ్ఆర్ (భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్ళ అర్క కన్సార్షియం నారు దశలో, మళ్ళీ నాటాక వాడుకోండి, మోతాదు ప్యాకెట్ మీదే ఉంటుంది. ఎండిన, తిండి లేని బెడ్‌లో ఏ ప్యాకెట్ పోసినా డబ్బులు పోసినట్టే.

సూక్ష్మజీవులు పెరిగాయని ఎలా తెలుస్తుంది? ల్యాబ్ టెస్ట్ చేయించాలా?

మామూలు మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం, పీహెచ్, ఈసీ చూడండి, అవి చాలు. పళ్ళెంలో పెంచి లెక్కపెట్టే పరీక్ష మట్టిలో ఉన్నవాటిలో నూటికి ఒకటో రెండో వంతులనే చూపిస్తుంది. ఆ అంకె పట్టుకుని మురిసిపోవడానికీ, బాధపడటానికీ ఏమీ లేదు.

నేను చేసేది చవక పరీక్ష. పూర్తిగా నూలుతో చేసిన పాత బనియన్‌ను ముక్కలు చేసి, రొట్ట వేసిన బెడ్‌లో ఒకటి, వేయని బెడ్‌లో ఒకటి జానెడు లోతున పాతిపెట్టి పుల్ల గుచ్చుతాను. రెండింటికీ ఒకేలా తడి ఉండాలి. 6 వారాలకు తవ్వి చూస్తాను. నూలు అంటే పీచే, దాన్ని తినేవాళ్ళు ఎంతమంది ఉన్నారో గుడ్డ చెప్తుంది. పోయినసారి వేయని బెడ్‌లోది ఉతికి కట్టుకునేలా ఉంది. రొట్ట వేసిన బెడ్‌లో కుట్టు దారం మాత్రం దొరికింది, అది పాలిస్టర్.